పెళ్లి ముందా, గ్రీన్‌కార్డు ముందా: అమెరికాలోని జీవిత భాగస్వామి దగ్గరకు చేరే వీసా దారులు

సంక్షిప్తంగా: అమెరికాలో ఉన్న భార్య లేదా భర్త దగ్గరకు ఏ వీసా మీద వెళ్లవచ్చనేది అక్కడున్నవారి హోదాను బట్టి తేలుతుంది. హెచ్-1బీ (ఉద్యోగ వీసా), ఎల్-1 (కంపెనీ బదిలీ వీసా), ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారి భాగస్వామికి డిపెండెంట్ వీసా ఉంది, దానికి సంఖ్యా పరిమితి లేదు. అమెరికా పౌరుల భాగస్వామికీ పరిమితి లేదు, కానీ ప్రక్రియ ఏడాదికి పైగా సాగుతుంది. గ్రీన్‌కార్డు వచ్చాక పెళ్లి చేసుకున్నవారి భాగస్వామి మాత్రం కోటా వరుసలో నిలబడాలి. కార్డు రాకముందే పెళ్లయి ఉంటే ఆ వరుస అవసరం లేదు.

సంబంధాలు చూసేటప్పుడు "అబ్బాయి హెచ్1 మీదున్నాడా, జీసీ వచ్చిందా?" అని అడగడం తెలుగు ఇళ్లలో మామూలే. జీసీ, అంటే శాశ్వత నివాసానికిచ్చే గ్రీన్‌కార్డు, వచ్చిందంటే ఇక చింత లేదనుకుంటారు. అమ్మాయిని వెంటనే తీసుకెళ్లే విషయంలో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. హెచ్-1బీ మీద ఉన్నవారి భార్యకు స్లాట్ దొరికితే కొన్ని నెలల్లో వీసా వస్తుంది. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక పెళ్లి చేసుకున్నవారి భార్య ఏళ్ల తరబడి ఇండియాలోనే ఉండిపోవచ్చు. నిశ్చితార్థాలు అయిపోయాక ఈ సంగతి తెలిసి తలపట్టుకునే కుటుంబాలు చాలానే ఉన్నాయి.

## తేడా ఎక్కడ పుడుతుంది

అమెరికా చట్టం వీసాలను రెండుగా విడదీసింది. తాత్కాలికంగా ఉండేందుకు ఇచ్చేవి మొదటి రకం. వీటిలో ప్రధాన వీసాదారు హోదా నిలిచి ఉన్నంతకాలం భాగస్వామికి అదే నీడలో అనుబంధ హోదా ఇస్తారు. హెచ్-1బీకి హెచ్-4, ఎల్-1కి ఎల్-2, ఎఫ్-1కి ఎఫ్-2, జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా)కి జే-2. హెచ్-1బీకి ఏటా లాటరీ ఉన్నా హెచ్-4కు లాటరీ గానీ కోటా గానీ లేదు.

రెండో రకం శాశ్వత నివాసం కోసం ఇచ్చే వలస వీసాలు. అమెరికా పౌరుల భార్యాభర్తలను చట్టం "ఇమ్మీడియట్ రిలేటివ్" అంటుంది, వారికి ఏటా ఇన్ని అన్న పరిమితి పెట్టలేదు. గ్రీన్‌కార్డు ఉన్నవారి భార్యాభర్తలు, చిన్న పిల్లలు ఎఫ్2ఏ అనే కోటాలోకి వస్తారు. ప్రపంచం మొత్తానికి కలిపి అందులో ఏటా సుమారు 87,900 వీసాలే ఉంటాయి. దరఖాస్తులు అంతకు మించినప్పుడల్లా వరుస పెరుగుతుంది.

గ్రీన్‌కార్డు వచ్చిన రోజుతో హెచ్-1బీ హోదా ముగిసిపోతుంది. హెచ్-1బీ లేకపోతే హెచ్-4 కూడా లేదు. అంటే కార్డు రావడంతో వేగవంతమైన దారి మూసుకుపోయి, నెమ్మదైన దారి ఒక్కటే మిగులుతుంది.

## హెచ్-4: ఎక్కువమంది నడిచే దారి

డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి, 205 డాలర్ల రుసుము కట్టి, వేలిముద్రలకు ఒక స్లాట్, కాన్సులేట్ ఇంటర్వ్యూకు మరో స్లాట్ తీసుకోవాలి. తెలుగు రాష్ట్రాలవారికి ఇంటర్వ్యూ సాధారణంగా హైదరాబాద్‌లోని నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. పెళ్లి ధ్రువపత్రం, పెళ్లి ఫొటోలు, భాగస్వామి ఐ-797 ఆమోదపత్రం, పాస్‌పోర్టు నకలు, ఇటీవలి పే స్లిప్పులు, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను పత్రం), ఉద్యోగ ధ్రువీకరణ లేఖ వెంట ఉండాలి.

హెచ్-4కు వెళ్లేటప్పుడు హెచ్-1బీ ఉన్న వ్యక్తి ఇండియాకు రావలసిన పని లేదు. ఆ వ్యక్తి అమెరికాలోనే ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారి, పాస్‌పోర్టులో ఇంకా వీసా స్టాంపింగ్ కాకపోయినా, ఐ-797తో భాగస్వామి హెచ్-4 తీసుకోవచ్చు. స్టాంపింగ్ ఆలస్యాలు పెరిగిన ఈ రోజుల్లో ఇద్దరూ కలిసి ఇంటర్వ్యూకు వెళ్లి ఇద్దరూ ఇక్కడే చిక్కుకోవడం కంటే, ఒకరు అక్కడ ఉద్యోగంలో కొనసాగడమే మేలు.

2025లో ఈ దారిలో మార్పులు వరుసగా వచ్చాయి. సెప్టెంబరు 2 నుంచి హెచ్-4 రెన్యూవల్‌కు డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా పత్రాలిచ్చే పద్ధతి) పోయింది, అందరూ ఇంటర్వ్యూకు రావలసిందే. సొంత దేశంలో గానీ, నివసిస్తున్న దేశంలో గానీ మాత్రమే దరఖాస్తు చేయాలన్న నిబంధన కూడా అదే నెలలో మొదలైంది. డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు, వాటి ప్రైవసీని "పబ్లిక్"గా మార్చమంటున్నారు. ఒక్కో దరఖాస్తుకు పట్టే సమయం పెరగడంతో ఇండియాలో డిసెంబరు అపాయింట్‌మెంట్లు చాలావరకు 2026 మార్చికి, ఆ తర్వాతి నెలలకు వాయిదా పడ్డాయి. పెళ్లికని మూడు వారాల సెలవు మీద వచ్చి, తిరుగు ప్రయాణంలో భార్యను కూడా తీసుకెళ్దామన్న ప్రణాళికలు అందుకే చెడుతున్నాయి.

2025 సెప్టెంబరు 21న అమల్లోకి వచ్చిన లక్ష డాలర్ల రుసుము హెచ్-4కు వర్తించదు. అది విదేశంలో ఉన్నవారి కోసం కంపెనీ వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్‌కు సంబంధించింది. హెచ్-4 మీద అమెరికాలోనే ఉన్న వ్యక్తి లాటరీలో ఎంపికై, అక్కడి నుంచే హోదా మార్చుకుని హెచ్-1బీకి మారినా ఆ రుసుము పడదని అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ అక్టోబరులో స్పష్టం చేసింది. హోదా మార్పు ఆమోదం రాకముందే దేశం దాటితే మాత్రం ఈ వెసులుబాటు పోతుంది.

## ఉద్యోగం చేసే హక్కు ఒకేలా ఉండదు

డిపెండెంట్ వీసాలన్నీ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. ఎల్-2 భాగస్వామికి 2021 నవంబరు నుంచి హోదాతోపాటే పని హక్కు ఉంది. ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు)లో "ఎల్-2ఎస్" అని ఉంటే చాలు, విడిగా ఈఏడీ (పని అనుమతి) కార్డు అక్కర్లేదు. జే-2 ఉన్నవారు ఈఏడీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎఫ్-2 ఉన్నవారికి పని హక్కు అసలే లేదు. పార్ట్‌టైమ్ చదువు వరకు ఫర్వాలేదు, పూర్తిస్థాయి డిగ్రీ చదవాలంటే ఎఫ్-1కు మారాలి.

హెచ్-4 మధ్యస్థం. 2015 మే 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం హెచ్-1బీ భాగస్వామికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదమై ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ ఆధారంగా ఆరేళ్ల గడువు దాటి పొడిగింపు వచ్చి ఉండాలి. అప్పుడే ఈఏడీ. కొత్తగా హెచ్-1బీ వచ్చిన వ్యక్తిని పెళ్లి చేసుకుని వెళ్లేవారు, కంపెనీ పెర్మ్ (గ్రీన్‌కార్డుకు తొలి మెట్టయిన కార్మిక శాఖ అనుమతి) మొదలుపెట్టి ఐ-140 వరకు వచ్చేదాకా, అంటే రెండు మూడేళ్లయినా, ఇంట్లోనే ఉండాల్సి రావచ్చు. ఇక్కడ మంచి ఉద్యోగం వదిలి వెళ్లేవారు పెళ్లికి ముందే అడగవలసిన ప్రశ్న జీతం గురించి కాదు, "ఐ-140 అయిందా?" అన్నది. ఈ ఈఏడీని సవాలు చేసిన కేసును అప్పీళ్ల కోర్టు 2024లో తోసిపుచ్చింది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా విచారణకు తీసుకోలేదు.

రెన్యూవల్ విషయంలో మాత్రం పరిస్థితి బిగిసింది. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన ఈఏడీ రెన్యూవల్ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపు లేదు. పాత కార్డు గడువు ముగిసేలోగా కొత్తది రాకపోతే ఆ రోజే పని ఆపాలి. గడువుకు 180 రోజుల ముందే దరఖాస్తు వేయవచ్చు, ఆ మొదటి రోజునే వేయడం మంచిది. హెచ్-1బీ పిటిషన్‌తోపాటు హెచ్-4, ఈఏడీ దరఖాస్తులను కూడా ఒకేసారి తేల్చే ఏర్పాటు ఒక కోర్టు ఒప్పందం కింద 2023 జనవరి నుంచి నడిచింది, 2025 జనవరిలో ఆ గడువు తీరింది. కాబట్టి కంపెనీ ప్రీమియం ప్రాసెసింగ్ (వేగంగా తేల్చేందుకు అదనపు రుసుము) కట్టి పదిహేను పనిదినాల్లో హెచ్-1బీ తెచ్చుకున్నా, హెచ్-4 అంతే వేగంగా వస్తుందన్న భరోసా లేదు.

ఎఫ్-2కు ఇంకో చిక్కు ఉంది. హెచ్-4, ఎల్-2 దరఖాస్తుదారులు తిరిగి వస్తామని నిరూపించనక్కర్లేదు. ఎఫ్-2కు ఆ భారం ఉంటుంది. అందుకే తిరిగి వస్తారన్న నమ్మకం లేదంటూ 214(బి) సెక్షన్ కింద ఇచ్చే తిరస్కరణలు ఎఫ్-2లో కనిపిస్తాయి. చదువు మధ్యలో పెళ్లయితే భాగస్వామికి డిపెండెంట్ ఐ-20 (వీసాకు కావలసిన కళాశాల పత్రం) ఇవ్వమని కళాశాలను అడగాలి, ఇద్దరి ఖర్చుకూ సరిపడే నిధులు చూపాలి. విద్యార్థి ఓపీటీ (చదువుకు అనుబంధంగా వచ్చే పని అనుమతి)లో ఉంటే బ్యాంకు నిల్వకు తోడు ఉద్యోగ లేఖ, పే స్లిప్పులు కూడా పెట్టాలి.

## గ్రీన్‌కార్డు తేదీకి ఒక్క రోజు ముందు

కంపెనీ ద్వారా గ్రీన్‌కార్డు వచ్చే వ్యక్తి ఐ-485 (అమెరికాలోనే గ్రీన్‌కార్డుకు వేసే తుది దరఖాస్తు) ఆమోదానికి ముందే పెళ్లి చేసుకుంటే, ఒక్క రోజు ముందైనా సరే, భాగస్వామి ఆ దరఖాస్తులో భాగంగానే లెక్కకు వస్తారు. భాగస్వామి అమెరికాలో ఉంటే, ప్రయారిటీ డేట్ (వరుసలో స్థానం చెప్పే తేదీ) అందుబాటులో ఉన్నప్పుడు సొంత ఐ-485 వేసుకోవచ్చు. ఇండియాలో ఉంటే ప్రధాన దరఖాస్తుదారు ఐ-824 వేసి, "ఫాలో టు జాయిన్" పద్ధతిలో కాన్సులేట్ ద్వారా పిలిపించుకోవచ్చు. ఐ-130 (భాగస్వామి కోసం వేసే కుటుంబ పిటిషన్) అక్కర్లేదు, ఎఫ్2ఏ వరుస అక్కర్లేదు.

ఆమోదం వచ్చిన మర్నాడు పెళ్లయితే ఈ హక్కు ఉండదు. ఐ-130 వేసి ఎఫ్2ఏలో ఆగాలి. ఈ వరుస 2019 జులై నుంచి 2023 మార్చి వరకు ఖాళీగా ఉండేది, ఎవరూ ఆగనక్కర్లేకపోయింది. ప్రతి నెలా వరుస తేదీలు ప్రకటించే వీసా బులెటిన్‌లో 2023 ఏప్రిల్‌లో మళ్లీ వెనక్కి జారింది. ఆ నాలుగేళ్ల అనుభవం విన్నవారు ఇప్పటికీ "జీసీ ఉంటే భార్యకు వెంటనే వస్తుంది" అని చెబుతుంటారు. ఆ సలహా ఇప్పుడు చెల్లదు.

వరుసలో స్థానం ఐ-130 అందిన తేదీతో మొదలవుతుంది కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే. ఈలోగా విజిటర్ వీసా మీద వెళ్లి వద్దామంటే, ఐ-130 వేసిన సంగతి డీఎస్-160లో చెప్పి తీరాలి. శాశ్వతంగా ఉండే ఉద్దేశం అప్పటికే రికార్డులో ఉంటుంది కాబట్టి ఆ వీసా దొరకడం కష్టం. మిగిలిన మార్గాలు రెండే. భాగస్వామి తన అర్హతతో సొంతంగా హెచ్-1బీ లేదా ఎల్-1 తెచ్చుకోవడం ఒకటి. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఐదేళ్లు నిండాక పౌరసత్వం తీసుకోవడం రెండోది. పౌరసత్వం వచ్చిన రోజున అదే ఐ-130 ఇమ్మీడియట్ రిలేటివ్ కేసుగా మారుతుంది, ఆమోదం తర్వాత కేసులు చూసే నేషనల్ వీసా సెంటర్‌కు తెలియజేస్తే చాలు.

## గల్ఫ్‌లో పుట్టిన భాగస్వామి

ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డు వరుసలో ఇండియా ఈబీ-2, ఈబీ-3 (ఉన్నత చదువు, నైపుణ్య ఉద్యోగాల విభాగాలు) తేదీలు 2025 అక్టోబరులో కూడా 2013 దగ్గరే ఉన్నాయి, అంటే అప్పటి దరఖాస్తుల వంతే నడిచింది. ఈ వరుస పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. పైగా భార్యాభర్తల్లో ఒకరు పుట్టిన దేశాన్ని ఇద్దరికీ వర్తింపజేసుకునే వీలు చట్టంలోనే ఉంది. దీన్ని క్రాస్ చార్జబిలిటీ అంటారు.

కువైట్, మస్కట్, దుబాయ్, దోహాల్లో పనిచేసిన తల్లిదండ్రులకు అక్కడే పుట్టి, ఇండియా పాస్‌పోర్టుతోనే పెరిగిన తెలుగువారు కొద్దిమందేం కాదు. అలాంటి వ్యక్తిని పెళ్లాడిన హెచ్-1బీ ఉద్యోగి ఇండియా వరుసను వదిలి, ఇతర దేశాల వరుసలోకి మారవచ్చు. దశాబ్దం దాటే నిరీక్షణ కొద్ది సంవత్సరాలకో, అంతకంటే తక్కువకో దిగుతుంది. కావలసింది అక్కడి జనన ధ్రువపత్రం, పెళ్లి ధ్రువపత్రం. ఐ-485 వేసేటప్పుడు ఈ సౌలభ్యాన్ని అడిగి తీసుకోవాలి, దానంతటది రాదు. ఇంతటి ప్రయోజనం ఉన్న నిబంధన గురించి తెలియక మామూలు వరుసలోనే ఆగిపోయేవారు ఉండటం బాధాకరం.

## పౌరుల భాగస్వామికి

ఐ-130కు 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. ఆమోదం తర్వాత కేసు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ 325, 120 డాలర్ల రెండు రుసుములు, డీఎస్-260 (వలస వీసా ఫారం), పోషణ హామీ పత్రమైన ఐ-864, పౌర పత్రాలు. ఆ తర్వాత వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ. కుటుంబ వలస వీసాల ఇంటర్వ్యూకు ఇండియాలో సాధారణంగా ముంబై వెళ్లాలి.

ఐ-864లో పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. 2025 లెక్కన ఇద్దరున్న ఇంటికి అది 26,437 డాలర్లు. తగ్గితే జాయింట్ స్పాన్సర్ రావచ్చు. ఈ హామీ విడాకులతో రద్దు కాదన్న సంగతి సంతకం పెట్టేవారందరికీ తెలిసి ఉండాలి.

అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే సీఆర్-1 వీసా, నిండితే ఐఆర్-1. సీఆర్-1 వారికి రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు వస్తుంది. అది ముగియడానికి ముందున్న 90 రోజుల్లో షరతులు తొలగించమని ఐ-751 వేయాలి. కాబోయే భాగస్వామికిచ్చే కే-1 పౌరులకే పరిమితం. గడిచిన రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా ముఖాముఖి కలిసి ఉండాలి, అమెరికా చేరాక 90 రోజుల్లో పెళ్లి జరగాలి. పెళ్లయినవారి కోసం పెట్టిన కే-3 కాగితం మీదే మిగిలింది.

## "ముందు రిజిస్టర్ మ్యారేజ్, తర్వాత పెళ్లి"

ముహూర్తం ఆరు నెలల తర్వాత ఉంటే, వీసా పని మొదలుపెట్టడానికని ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవడం తెలుగు రాష్ట్రాల్లో అలవాటుగా మారింది. ఇందులో చట్టపరమైన లోపం ఉంది. 1955 హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ అనేది జరిగిన పెళ్లికి రుజువు మాత్రమే. పెళ్లి తంతు జరగకుండా తీసుకున్న ధ్రువపత్రం పెళ్లిని పుట్టించదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. వీసా కోసమని ఇలా ముందస్తుగా రిజిస్టర్ చేయించుకునే ధోరణిని ఆ తీర్పులోనే తప్పుపట్టింది.

అలాంటి ధ్రువపత్రంతో వీసా తెచ్చుకుని, తర్వాత ఘనంగా పెళ్లి చేసుకుంటే రెండు తేదీలు రికార్డులోకి వస్తాయి. పెళ్లి ఫొటోల తేదీ ఒకటి, ధ్రువపత్రంలో తేదీ ఇంకొకటి. గ్రీన్‌కార్డు దశలో ఈ తేడా ప్రశ్నగా మారుతుంది. సురక్షితమైన పద్ధతులు రెండు. గుడిలో చిన్నగానైనా శాస్త్రోక్తంగా పెళ్లి జరిపి, ఆ తేదీతోనే రిజిస్టర్ చేయించడం. లేదంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రార్ ఎదుటే పెళ్లి చేసుకోవడం. రెండోదానికి 30 రోజుల నోటీసు, అంతకుముందు ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండటం తప్పనిసరి, కాబట్టి అమ్మాయి లేదా అబ్బాయి ఉండే జిల్లాలోనే ముందుగా నోటీసు వేయాలి.

వీడియో కాల్‌లో జరిగే పెళ్లిళ్లకు మరో పరిమితి. ఇద్దరూ ఒకే చోట లేకుండా జరిగిన పెళ్లిని, ఆ తర్వాత దంపతుల మధ్య దాంపత్య సంబంధం ఏర్పడిందని తేలితే తప్ప, అమెరికా వలస చట్టం గుర్తించదు.

గుడి ఇచ్చే రసీదు గానీ, కల్యాణ మండపం పత్రం గానీ సరిపోవు, రిజిస్ట్రార్ ధ్రువపత్రమే కావాలి. పేర్ల విషయంలో ఇబ్బందులు ఎక్కువ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లి ధ్రువపత్రంలో ఇంకోలా ఉంటే ఇంటర్వ్యూలో మరిన్ని పత్రాలు కావాలంటూ కేసును నిలిపే 221(జి) చీటీ రావచ్చు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి ఇంకోటి ఖాళీగా ఉంటే, వీసా మీద సొంత పేరు (గివెన్ నేమ్) స్థానంలో "ఎఫ్‌ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని అచ్చవుతుంది. ఆ తర్వాత బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో ఆ మూడక్షరాలే పేరవుతాయి. పాస్‌పోర్టు సరిచేయించుకున్నాకే డీఎస్-160 నింపడం ఉత్తమం. వీసా కోసం పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకోవలసిన అవసరం లేదు.

## వెళ్లాక గుర్తుంచుకోవలసిన తేదీ

అమెరికాలో ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది పాస్‌పోర్టులోని వీసా కాదు, ఐ-94. పాస్‌పోర్టు గడువు వీసా కంటే ముందే ముగుస్తుంటే, విమానాశ్రయంలో ఐ-94ను పాస్‌పోర్టు తేదీ వరకే ఇస్తారు. హెచ్-1బీ భర్తకు 2028 వరకు, భార్యకు 2026 వరకు అన్నట్టు ఇలాగే తేడాలు వస్తాయి. దిగిన రోజునే వెబ్‌సైట్‌లో ఇద్దరి ఐ-94లూ డౌన్‌లోడ్ చేసి పోల్చి చూడాలి.

హెచ్-1బీ పొడిగింపు కంపెనీ చేయిస్తుంది, హెచ్-4 పొడిగింపు దానంతటది జరగదు. ఐ-539 విడిగా వేయాలి. ఐ-94 గడువు దాటి 180 రోజులకు మించి ఉండి దేశం విడిస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. ఉద్యోగం పోతే దొరికే గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు హెచ్-4కూ వర్తిస్తుంది, అయితే ఐ-94 అంతకుముందే ముగిస్తే ఆ తేదీ వరకే. ఈఏడీ లేని హెచ్-4కు సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు, ఉమ్మడిగా పన్ను రిటర్ను వేయాలంటే డబ్ల్యూ-7 ఫారంతో ఐటిన్ (పన్ను కోసం ఇచ్చే నంబరు) తీసుకోవాలి.

## ఇతర దేశాల్లో

అమెరికాలో విద్యార్థి భాగస్వామికి పని హక్కు లేదు గానీ రానిస్తారు. బ్రిటన్ 2024 జనవరి 1 నుంచి పరిశోధన కోర్సుల్లో ఉన్నవారికి తప్ప మామూలు మాస్టర్స్ విద్యార్థులకు డిపెండెంట్లను తెచ్చుకునే అవకాశమే తీసేసింది. అక్కడ స్థిరపడినవారు భాగస్వామిని పిలిపించుకోవడానికి కావలసిన కనీస వార్షికాదాయాన్ని 2024 ఏప్రిల్ 11న 18,600 పౌండ్ల నుంచి 29,000కు పెంచింది. కెనడా 2025 జనవరి 21 నుంచి విద్యార్థుల భాగస్వాములకిచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్‌ను 16 నెలలు, అంతకు మించిన మాస్టర్స్, డాక్టరేట్, ఎంపిక చేసిన వృత్తి కోర్సులకు పరిమితం చేసింది. అక్కడి శాశ్వత నివాసులు మాత్రం భాగస్వామిని స్పాన్సర్ చేయడానికి సాధారణంగా కనీస ఆదాయం చూపనక్కర్లేదు. గ్రీన్‌కార్డు దంపతులకు అమెరికాలో ఉన్నలాంటి కోటా వరుస కూడా అక్కడ లేదు.

## కాపురం చెడితే

హెచ్-4, ఎల్-2, ఎఫ్-2 హోదాలు పెళ్లి మీద నిలబడ్డవి. విడాకుల డిక్రీ వచ్చిన రోజున ఆ హోదా ముగుస్తుంది. విడిగా ఉంటున్నంత మాత్రాన ముగియదు. అందుకే విడాకులు ఖరారయ్యే లోపే ఎఫ్-1కో, సొంత హెచ్-1బీకో, కనీసం బీ-2కో హోదా మార్పు దరఖాస్తు వేయాలి. భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయి హింసిస్తే, అతని ప్రమేయం లేకుండా భార్యే గృహహింస బాధితుల రక్షణకున్న వావా చట్టం కింద సొంతంగా ఐ-360 పిటిషన్ వేసుకోవచ్చు. భర్త హెచ్-1బీ మీద ఉంటే ఆ దారి లేదు. అయితే హింసకు గురైన హెచ్-4 మహిళలు ఐ-765వీ అనే ప్రత్యేక ఫారంతో పని అనుమతి కోరవచ్చు, దానికి భర్త ఐ-140 ఆమోదమై ఉండాలన్న షరతు లేదు. భార్యల చేతుల్లో హింసకు గురైన భర్తలకూ ఇవే నిబంధనలు వర్తిస్తాయి. పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797 నకళ్లు, పెళ్లి ధ్రువపత్రం భాగస్వామి కంప్యూటర్‌లోనే కాకుండా సొంత ఈమెయిల్‌లోనూ, ఇండియాలో పుట్టింటివారి దగ్గరా ఒక ప్రతి ఉంటే, ఈ దరఖాస్తుల్లో ఏదైనా ఎవరి అనుమతీ లేకుండా మొదలుపెట్టవచ్చు.